జూడో దమ్ము కోసం ఇంటి కసరత్తులు: మూడు ప్రోగ్రాంల పోలిక, ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ ఆఖరు వారం: ముందు కొలబద్ద

ఎండాకాలంలో మా జూడో క్లబ్బు హాలు వారానికి మూడు రోజులే తెరుస్తారు. మిగతా రోజుల్లో ఇంట్లో ఏ కసరత్తు చేస్తే మ్యాట్ మీద ఎక్కువ పనికొస్తుందో తేల్చుకోవడానికే ఈ ప్రాజెక్టు. నాతో పాటు మా క్లబ్బులోనే నా బరువుకు దగ్గరగా ఉండే తమ్ముడు ఒకడు చేస్తానన్నాడు. ఇద్దరికీ ఉన్న ఇబ్బంది ఒక్కటే. రాండోరిలో, అంటే సాధన కుస్తీలో, మొదటి రెండు నిమిషాలు బాగానే నడుస్తుంది. మూడో నిమిషం వచ్చేసరికి ఊపిరి కంటే ముందు పట్టు పోతుంది. అవతలివాడి చొక్కా చేతిలో ఉన్నట్టే ఉంటుంది, లాగితే రాదు.

సీనియర్లకు జూడో బౌటు 4 నిమిషాలు. అప్పటికీ తేలకపోతే గోల్డెన్ స్కోరు అనే అదనపు సమయం, దానికి టైం లిమిట్ లేదు. ఒక బౌటు అయ్యాక మళ్లీ దిగడానికి 10 నిమిషాల విశ్రాంతి ఇస్తారు. బౌటు లోపల చూస్తే 20, 30 సెకన్లు హోరాహోరీగా సాగుతుంది. తర్వాత రెఫరీ ‘మాతే’ (ఆగండి) అనడంతో ఓ పది సెకన్లు ఆగుతుంది, మళ్లీ మొదలు. కాబట్టి మాకు కావాల్సింది గంటసేపు ఆగకుండా పరిగెత్తే దమ్ము కాదు. గట్టిగా తోసి, లాగి, ఎత్తి, పది సెకన్లలో కాస్త తేరుకుని, మళ్లీ అంతే గట్టిగా లాగగలగాలి.

ఈ మాట మా కోచ్ సార్‌తో చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “ఏం చేస్తారో తర్వాత. ఏం కొలుస్తారు?”

చెమట కొలిస్తే లాభం లేదు. మే నెలలో డాబా మీద ఊరికే నిలబడినా చొక్కా తడిసిపోతుంది. మర్నాటి ఒళ్లు నొప్పులు కూడా కొలత కాదు. అలవాటు లేని పని ఏది చేసినా ఒళ్లు నొప్పులే. బరువు తగ్గడం మా ఉద్దేశం కానే కాదు. చివరికి సార్ సలహాతో జూడో కోసమే తయారైన ఒక పరీక్ష పెట్టుకున్నాం. పోలండ్‌కు చెందిన స్టెర్కోవిచ్ 1995లో రూపొందించిన స్పెషల్ జూడో ఫిట్‌నెస్ టెస్ట్ అది.

పద్ధతి చెబుతాను, క్లబ్బు ఉన్నవాళ్లెవరైనా చేసుకోవచ్చు. మన బరువుకు దగ్గరగా ఉన్న ఇద్దరు ఉకేలు (త్రో వేయించుకునేవాళ్లు) 6 మీటర్ల దూరంలో నిలబడతారు. మనం మధ్యలో. హజిమే (మొదలుపెట్టండి) అనగానే ఒకరి దగ్గరికి పరిగెత్తి ఇప్పోన్ సెయోనాగే, అంటే భుజం మీదుగా విసిరే త్రో, వేయాలి, వెంటనే రెండోవాడి దగ్గరికి పరుగు, మళ్లీ త్రో. మొదట 15 సెకన్లు, తర్వాత 30, మళ్లీ 30. మధ్యలో 10 సెకన్ల చొప్పున విశ్రాంతి. మొత్తం ఎన్ని త్రోలు పడ్డాయో లెక్కపెట్టాలి. ముగిసిన క్షణంలో గుండె వేగం ఎంత, ఒక నిమిషం తర్వాత ఎంత అన్నది రాసుకోవాలి. ఆ రెండూ కలిపి త్రోల సంఖ్యతో భాగిస్తే ఇండెక్స్ వస్తుంది. అది ఎంత తగ్గితే అంత మంచిది.

చేతి వాచీ మీద నమ్మకం పెట్టుకోలేదు. పట్టు బిగించినప్పుడు మణికట్టు దగ్గర అంకెలు అటూ ఇటూ అవుతాయి. ఛాతీకి కట్టుకునే పట్టీ ఒకటి క్లబ్బులో అన్న దగ్గర ఉంది, ఇద్దరం దాన్నే వాడుతున్నాం.

మొదటి కొలతలు. నావి: 24 త్రోలు, ఆగగానే 182, నిమిషం తర్వాత 158, ఇండెక్స్ 14.17. తమ్ముడివి: 25 త్రోలు, 186, 164, ఇండెక్స్ 14.00. నా 24 త్రోలు విడదీస్తే 5, 10, 9. అంటే మూడో విడతలోనే చెయ్యి మొరాయిస్తోంది. రాండోరిలో మాకు తెలిసిన విషయమే కాగితం మీదికి వచ్చింది.

మే మొదటి వారం: వరుస, లెక్క

పోల్చేవి మూడు. ఒకటి, జంపులు ఎక్కువగా ఉండే వీడియో ప్రోగ్రాం. టీవీ ముందు నిలబడి ట్రైనర్‌తో పాటు చేసేది. రెండు, 20 సెకన్లు ఒళ్లు విరుచుకుని చేసి 10 సెకన్లు ఆగే టబాటా పద్ధతి. మూడు, మన కుస్తీవాళ్లు చేసే దండీలు, బస్కీలు, వాటికి తోడు సైకిల్ ట్యూబుతో ఉచికోమి (పూర్తిగా విసరకుండా త్రోలోకి దూరడం వరకే పదేపదే చేసే సాధన) కలిపి మేమే పేర్చుకున్న నాటు పద్ధతి. ఒక్కొక్కటి నాలుగు వారాలు, ప్రతి దాని చివర శనివారం పొద్దున్నే హాల్లో పరీక్ష.

ఒక చిక్కు ముందే కనిపించింది. ఏది ఆఖర్న చేస్తే దానికి ముందు చేసిన వాటి ఫలం కూడా కలిసొస్తుంది. పైగా మే ఎండలో గుండె వేగం మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. వానలు పడ్డాక చేసిన ప్రోగ్రాం ఊరికే మంచి పేరు కొట్టేస్తుంది. అందుకే నేను వీడియోతో మొదలుపెట్టి నాటు పద్ధతితో ముగిస్తాను, తమ్ముడు నాటు పద్ధతితో మొదలుపెట్టి వీడియోతో ముగిస్తాడు. ఇద్దరి ఫలితాలూ ఒకే దిక్కు చూపిస్తే అది వరుస మహిమో వాతావరణ మహిమో కాదని కొంత ధైర్యంగా అనుకోవచ్చు.

ఇంకో విషయం, శ్రమ సమంగా ఉండాలి. నలభై నిమిషాల వీడియోను నాలుగు నిమిషాల టబాటాతో పోలిస్తే న్యాయం కాదు. దీనికి కార్ల్ ఫోస్టర్ అనే ఆయన పద్ధతి తేలిక. కసరత్తు అయిన అరగంటకు ఎంత కష్టమనిపించిందో సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేసి, దాన్ని నిమిషాలతో గుణించాలి. వీడియో 40 నిమిషాలు, కష్టం 8, అంటే 320. టబాటా వార్మప్‌తో కలిపి 25 నిమిషాలు, కష్టం 9, అంటే 225. తక్కువైన దానికి మెల్లగా జాగింగ్ కలిపి సరిచేశాం. నాటు పద్ధతి 45 నిమిషాలు, కష్టం 7, అంటే 315. క్లబ్బు రోజులు ఇద్దరికీ మామూలే.

మే ఆఖరు: వీడియో ప్రోగ్రాం

దీని గురించి ఎక్కువ రాయాల్సింది లేదు. గుండెకు బాగానే పని పెడుతుంది, ఉత్సాహంగా ఉంటుంది, ఏ సామానూ అక్కర్లేదు. చివరి పరీక్షలో నాకు నిమిషం తర్వాతి వేగం 158 నుంచి 153కి దిగింది. త్రోలు మాత్రం అవే 24. ఆగగానే 181, ఇండెక్స్ 13.92.

కారణం ప్రోగ్రాంను కాగితం మీద పెడితే తెలిసిపోయింది. ప్రతి కదలికనూ నాలుగు గళ్లలో వేశాను: తోసేది, లాగేది, కాళ్లతో ఎగిరేది, నడుము తిప్పేది. ఎగిరే గడి నిండిపోయింది, తోసే గడిలో చాలా ఉన్నాయి. లాగే గడి దాదాపు ఖాళీ. సామాను లేకుండా చేసే ఏ ప్రోగ్రాంలోనైనా ఈ కొరత ఉంటుంది. నేలను తోయగలం కానీ లాగలేం కదా. బాక్సింగ్ వాళ్లకో తైక్వాండో వాళ్లకో ఇది పెద్ద లోటు కాకపోవచ్చు. తైక్వాండోలో రెండేసి నిమిషాల రౌండ్లు, పాదాల మీద చిందులు, ఎగిరి తన్నడం ఉంటాయి కాబట్టి వాళ్లకు పిక్కల్లో ఆ స్ప్రింగు కావాలి. జూడోకి లాగడమే ప్రాణం.

మేడ మీద అద్దెకుండేవాళ్లకు ఒక మాట. జంపుల చప్పుడు కింది ఇంట్లో పిడుగులా వినిపిస్తుంది. కింది ఇంటి పిన్నిగారు మంచావిడ కాబట్టి, “బాబూ, పొద్దున్నే అయిదింటికి కాకుండా కాస్త ఆరు దాటాక గెంతు నాయనా” అని మాత్రమే అన్నారు. ఆరు దాటితే డాబా కాలుతుంది. పాత మ్యాట్ ముక్కలు రెండు వేసుకుని సర్దుకున్నాను.

జూన్: టబాటా అసలు కథ

యూట్యూబులో ‘టబాటా’ పేరుతో కనిపించే చాలా వీడియోలకు, అసలు పరిశోధనకు మధ్య చాలా దూరం ఉంది. ఇది శ్రద్ధగా చూడాల్సిన విషయం.

ఇజుమి టబాటా బృందం 1996లో అచ్చువేసిన పరిశోధన అది. పద్ధతికి మూలం జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టుకు కోచ్‌గా ఉన్న ఇరిసావా కోయిచి వాడుతున్న శిక్షణ. వ్యాయామం సైకిల్ మీద. 20 సెకన్లు తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. ఆ 20 సెకన్ల తీవ్రత మామూలుది కాదు. శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకునే స్థాయి వీఓ2 మ్యాక్స్ అనుకుంటే, దానికి 170 శాతం. అంటే ఊపిరి అందించగలిగే దానికంటే చాలా ఎక్కువ పని. ఏడెనిమిది సెట్లకు మనిషి పూర్తిగా అయిపోవాలి. తొక్కే వేగం ఒక హద్దు కంటే పడిపోతే అక్కడితో ఆపేసేవాళ్లు.

ఆరు వారాల తర్వాత ఆ గుంపుకి వీఓ2 మ్యాక్స్ కిలోకు నిమిషానికి సుమారు 7 మిల్లీలీటర్లు, ఆక్సిజన్ అందకుండా పని చేసే శక్తి 28 శాతం పెరిగాయి. గంటసేపు 70 శాతం తీవ్రతతో తొక్కిన రెండో గుంపుకి వీఓ2 మ్యాక్స్ 5 మిల్లీలీటర్ల దాకా పెరిగింది కానీ రెండో శక్తిలో మార్పు లేదు. జూడోకి రెండూ కావాలి. పైగా 20 సెకన్ల పని, 10 సెకన్ల విరామం అన్నది హజిమేకీ మాతేకీ మధ్య జరిగేదానికి ఎంత దగ్గరో చూడండి. ఎనిమిది సెట్లు కలిపితే సరిగ్గా 4 నిమిషాలు, మన బౌటు అంత. అందుకే దీని మీద నాకు చాలా ఆశ ఉండేది.

ఇంట్లో సైకిల్ మెషీన్ లేదు. మొదటి వారం పుషప్పులతో చేశాం. నాలుగో సెట్టుకే భుజాలు పట్టేశాయి, గుండె వేగం మాత్రం 150 దాటలేదు. ఇది టబాటా కాదు. ఒక కండరం అలిసిపోయి ఆగడం వేరు, ఒళ్లంతా అలిసి ఆగడం వేరు. బస్కీలతో చేస్తే తొడలు మండాయి కానీ ఎనిమిదో సెట్టు అయ్యాక ఇంకో రెండు చేసే ఓపిక మిగిలింది. అదీ కాదు.

చివరికి కుదిరింది సైకిల్ ట్యూబుతో. మెట్ల గది ఇనప గేటుకి ట్యూబు కట్టి, రెండు కొసలూ చొక్కా చేతినీ కాలరునూ పట్టుకున్నట్టు పట్టుకుని, తిరిగి లోపలికి దూరే ఉచికోమి. ఒక సెట్టు అది, ఒక సెట్టు బర్పీ (కూర్చుని, పుషప్పు భంగిమకి వెళ్లి, లేచి ఎగిరేది), మార్చి మార్చి. అప్పుడు గుండె వేగం 175 దాటింది, ఎనిమిదో సెట్టుకి నిజంగానే కూలబడ్డాం. ఇది 170 శాతమా అంటే ఇంట్లో తేల్చే దారి లేదు. తొమ్మిదో సెట్టు చేయలేని స్థితి వచ్చిందా లేదా అన్నదే మేం పెట్టుకున్న గుర్తు.

ఇలాంటిది వారానికి నాలుగు రోజులు, మధ్యలో మూడు రోజులు క్లబ్బు అంటే బరువే. పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసి రాసుకునేవాణ్ని. మామూలు కంటే ఆరేడు ఎక్కువ ఉన్న రోజున టబాటా మానేసి నడకకు వెళ్లేవాణ్ని. టబాటా చేసేవాళ్లు ఈ ఒక్క అలవాటు తప్పకుండా పెట్టుకోవాలని నా మాట. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు.

నెలాఖరు పరీక్ష: 25 త్రోలు, 182, 152, ఇండెక్స్ 13.36. ఒక త్రో పెరిగింది, అది మూడో విడతలోనే. తమ్ముడు కూడా ఈ నెల టబాటాలోనే ఉన్నాడు, వాడి సంగతి కింద.

జులై: దండీలు, బస్కీలు, ట్యూబు

ఈ భాగం కోసం నేను మొదటి నుంచీ ఎదురుచూస్తున్నాను. మా తాతగారి ఊళ్లో తాలింఖానా, అంటే కసరత్తుశాల, ఉండేది. గోడ మీద వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారి పటం, కింద గద, కర్రలు. తాతగారు చివరిదాకా పొద్దున్నే దండీలు తీసేవారు. మన దగ్గర ఇంత చక్కటి కసరత్తు ఉండగా పిల్లలకు దాని పేరు కూడా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

దండీని పుషప్పుతో సమానం అనుకుంటారు, కాదు. నడుము పైకెత్తి, చేతులూ పాదాలూ నేల మీద పెట్టి మొదలు. అక్కణ్నుంచి ఛాతీని నేలకు ఆనీ ఆనకుండా చేతుల మధ్యలోంచి ముందుకు జార్చి, భుజంగాసనంలో లాగా తల పైకెత్తి, మళ్లీ నడుమును వెనక్కి లాక్కోవాలి. భుజం ఒక వంపంతా తిరుగుతుంది, వెన్ను వంగి లేస్తుంది, తుంటి తెరుచుకుంటుంది. నేవాజాలో (నేల మీద సాగే పట్టులో) కింద పడ్డప్పుడు తాబేలు భంగిమలోంచి లేవడానికి కావాల్సిన కదలిక దాదాపు ఇదే. బస్కీలో మడమలు లేపి, మునివేళ్ల మీద పూర్తిగా కూర్చుని, చేతుల ఊపుతో లేవాలి. సెయోనాగేకి అవతలివాడి కిందికి దూరి లేచేటప్పుడు తొడలు చేసే పని కూడా అదే. మడమలు లేపి కూర్చోవడం వల్ల మోకాలి మీద భారం ఎక్కువ. అందుకని తక్కువ సంఖ్యతో మొదలుపెట్టి వారానికి కొద్దిగా పెంచాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సగమే కూర్చుంటే చాలు.

ఇందులోనూ లాగేది లేదు. కుస్తీవాళ్లు ఆ లోటును గోదాలో జోడీతో పట్టు పట్టి, తాడెక్కి పూడ్చుకుంటారు. మేం ట్యూబు, తువాలు కలుపుకున్నాం. మెట్ల కింద ఇనప కడ్డీ మీద రెండు తువాళ్లు వేసి, వాటి కొసలు పట్టుకుని వేలాడటం. తువాళ్లకు బదులు పాత జూడో చొక్కా వేస్తే ఇంకా మంచిది, చేతులు అచ్చంగా కాలరునే పట్టుకుంటాయి.

ఒక రౌండు ఇలా: ట్యూబు ఉచికోమి కుడివైపు, దండీలు, ట్యూబు ఎడమవైపు, బస్కీలు. ఒక్కోటి 30 సెకన్లు, మారడానికి తప్ప ఆగేది లేదు. రెండు చుట్లు తిరిగితే 4 నిమిషాలు. మూడు నిమిషాలు నడిచి మళ్లీ రౌండు. శనివారాలు మాత్రం మధ్య విశ్రాంతి 10 నిమిషాలు, పోటీలో ఇచ్చినట్టు. చివర్లో వేలాడటం. మొదటి వారం తువాలు పట్టుకుని 31 సెకన్లు ఉండగలిగాను, నెల చివరికి 48.

ట్యూబు జాగ్రత్త. సైకిల్ షాపులో పాత ట్యూబు ఊరికే ఇస్తారు కానీ ఎండకు రబ్బరు చీలుతుంది. ప్రతిసారీ సాగదీసి పగుళ్లు చూసుకోవాలి, తెగితే మొహం మీదికే వస్తుంది. వాల్వు ఉన్న ముక్క కోసి తీసేయండి. వాడాక నీడలో పెట్టండి.

పరీక్ష: 26 త్రోలు, 180, 150, ఇండెక్స్ 12.69. విడదీస్తే 5, 11, 10.

ఆగస్టు మొదటి రెండు వారాలు: రెండు కాగితాలు పక్కపక్కన

తమ్ముడి అంకెలు. నాటు పద్ధతి తర్వాత 27 త్రోలు, 186, 160, ఇండెక్స్ 12.81. టబాటా తర్వాత 27, 185, 156, ఇండెక్స్ 12.63. ఆఖర్న వీడియో తర్వాత 26, 184, 155, ఇండెక్స్ 13.04.

ఇండెక్స్ ఒక్కటే చూస్తే వీడియో వాణ్ని వెనక్కి లాగినట్టుంది. విడదీసి చూడండి. గుండె తేరుకోవడం ఆ నెలలో కూడా కాస్త మెరుగైంది. తగ్గింది త్రో. నాకు మొదటి నెలలో జరిగింది కూడా ఇదే కదా: గుండె తేరుకుంది, త్రోలు కదల్లేదు. వాడికి మే ఎండల్లో, నాకు జులై వానల్లో చేసినా నాటు పద్ధతి వాడికి రెండు త్రోలు, నాకు ఒకటి కలిపింది. ఇద్దరు మనుషుల అంకెలతో లోకానికంతటికీ సూత్రం రాయలేం. మా ఇద్దరి వరకూ మాత్రం దిక్కు ఒకటే.

సార్ కాగితాలు చూసి సంతోషించారు. తర్వాత, “మీ మూడో పద్ధతిలో జూడోయే ఉంది కదరా. ట్యూబు గెలిచిందా, దండీ గెలిచిందా?” అన్నారు. సరైన ప్రశ్న. టబాటాలోనూ మేం ట్యూబే వాడాం, అక్కడా త్రోలు నిలబడ్డాయి. అంటే సగం ఘనత ట్యూబుకే వెళ్లాలేమో. దండీల మీద నాకున్న ప్రేమ ఈ ప్రశ్నకు జవాబు కాదు, కొలవాల్సిందే.

కాబట్టి ఈ నెల నేను ట్యూబు, తువాలు తీసేసి దండీలూ బస్కీలే చేస్తున్నాను. తమ్ముడు దండీలు, బస్కీలు మానేసి ట్యూబు, వేలాడటం మాత్రమే. సెప్టెంబరులో మార్చుకుంటాం. రౌండు అదే 4 నిమిషాలు, శ్రమ లెక్క అదే. టబాటాను మాత్రం పోటీకి ముందు మూడు వారాల కోసం విడిగా దాచుకున్నాం, ఏడాది పొడుగునా దాన్ని మోయడం మా ఉద్యోగాలతో కుదరదు. వీడియోను క్లబ్బులో చిన్నపిల్లల వార్మప్‌కి ఇచ్చేశాం, వాళ్లకు జంపులంటే ఇష్టం.

ఈ నెల రెండో వారానికి నా చేతి కొలత వచ్చింది. ట్యూబు లేకుండా తువాలు పట్టు 48 సెకన్ల నుంచి 43కి దిగింది. దండీలు మాత్రం ఒక ఊపులో ఇదివరకటి కంటే ఎక్కువ తీస్తున్నాను, నేవాజాలో కింద నుంచి లేవడం తేలికైంది. త్రోల సంగతి నెలాఖరు శనివారం తెలుస్తుంది. ఉకేలు ఇద్దరూ అప్పుడు ఊళ్లో ఉండేలా ఇప్పుడే మాట తీసుకున్నాను.